రెండు తెరల చాటున కృష్ణబిలం

గెలాక్సీల నడిబొడ్డున సూర్యుడికి లక్షల రెట్లు మొదలుకొని వందల కోట్ల రెట్ల వరకు ద్రవ్యరాశి గల కృష్ణబిలాలు ఉంటాయనీ, వాటిలో కొన్ని చుట్టుపక్కల వాయువును తమలోకి లాక్కునే క్రమంలో ఆ వాయువు విపరీతంగా వేడెక్కి, గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిసి ఇచ్చే వెలుగుతో పోటీపడేంత కాంతిని వెదజల్లుతుందనీ ఖగోళశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఇలా చురుగ్గా ఉన్న గెలాక్సీ నడిభాగాన్ని క్రియాశీల కేంద్రకం అంటారు. ఇంతటి ప్రకాశం ఉన్నా వీటిలో అధిక భాగం నేరుగా కనిపించకపోవడానికి కారణం, కృష్ణబిలానికీ భూమికీ నడుమ దట్టమైన వాయువూ ధూళీ అడ్డుపడటమే. ధూళి మామూలు కాంతిని ఆపుతుంది గానీ ఎక్స్-కిరణాలను ఆపలేదనీ, అందువల్లనే ఎక్స్-కిరణ దూరదర్శినులు ఈ మరుగును ఛేదించగలుగుతున్నాయనీ తరచుగా వినిపించే మాటలో నిజం ఉంది, కానీ అది సగం నిజమే. కృష్ణబిలం ముందు ఉన్నవి నిజానికి రెండు తెరలు: దృశ్యకాంతిని ఆపేది ధూళి తెర, ఎక్స్-కిరణాలను ఆపేది ప్రధానంగా వాయువు తెర. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నది ఎక్కువగా ధూళి స్వభావమే నిర్ణయిస్తుంది కాబట్టి, ఎక్స్-కిరణాల మీద ధూళి ప్రభావం నేరుగా కంటే చాటుగానే ఎక్కువ.

ఈ విషయం అర్థం కావడానికి ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. తిమింగలం పేరుగల సీటస్ నక్షత్రరాశిలో, సుమారు 4 కోట్ల 70 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీ కేంద్రం నుంచి వచ్చే కాంతిలో, మామూలు నక్షత్రాల కాంతిలో ఉండని ప్రకాశవంతమైన రేఖలు ఉన్నాయని ఎడ్వర్డ్ ఫాత్ 1908లోనే లిక్ వేధశాలలో గమనించాడు. కాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించే పట్టీని వర్ణపటం అంటారు. అందులో ఒక్కో మూలకం తనకంటూ నియతమైన చోట్ల రేఖలను చూపుతుంది. 1943లో కార్ల్ సీఫర్ట్ ఇలాంటి గెలాక్సీలను ఒక తరగతిగా గుర్తించి పరిశీలించాడు కాబట్టి వాటికి సీఫర్ట్ గెలాక్సీలనే పేరు నిలిచింది. తరువాత 1970వ దశకంలో ఖచిక్యాన్, వీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వీటిని రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో హైడ్రోజన్ రేఖలు బాగా వెడల్పుగా ఉంటాయి, అంటే అక్కడి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందన్నమాట; రెండో రకంలో ఆ వెడల్పాటి రేఖలు కనిపించవు, సన్నని రేఖలు మాత్రమే ఉంటాయి. ఎన్‌జీసీ 1068 రెండో రకానికి చెందినది.

రెండు రకాలూ నిజంగా వేర్వేరు వస్తువులా, లేక ఒకే వస్తువును వేర్వేరు దిక్కుల నుంచి చూడటం వల్ల వచ్చిన తేడాయా అన్న ప్రశ్నకు 1985లో రాబర్ట్ ఆంటొనూచీ, జోసెఫ్ మిల్లర్ చెప్పిన సమాధానం ఈ రంగపు గతినే మార్చింది. కాంతి తరంగాలు అన్ని దిశల్లోనూ కాక ఒకే తలంలో ఎక్కువగా కంపించడాన్ని ధ్రువణం అంటారు. దేనికో తగిలి చెదిరి వచ్చిన కాంతిలో ఈ గుణం కనిపిస్తుంది. ఎన్‌జీసీ 1068 కాంతిలో ధ్రువణం చెందిన భాగాన్ని మాత్రమే వేరుచేసి వర్ణపటం తీసినప్పుడు, అంతవరకు లేవనుకున్న వెడల్పాటి హైడ్రోజన్ రేఖలు అందులో స్పష్టంగా బయటపడ్డాయి. అంటే లోపల మొదటి రకం కేంద్రకమే దాగి ఉంది; నేరుగా రావలసిన దాని కాంతి అడ్డంకి వల్ల ఆగిపోగా, పైవైపుకు తప్పించుకున్న కాంతి అక్కడి ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరి, పక్కదారిన భూమిని చేరుతోంది. అడ్డుపడే పదార్థం కృష్ణబిలం చుట్టూ మధ్యలో చిల్లున్న గారె ఆకారంలో పేరుకుని ఉంటుందనీ, చిల్లులోంచి చూసేవారికి మొదటి రకంగానూ, పక్కనుంచి చూసేవారికి రెండో రకంగానూ అదే కేంద్రకం కనిపిస్తుందనీ చెప్పే ఏకీకృత నమూనా ఈ పరిశీలన మీదనే బలపడింది. ఆ గారె నిజానికి ముద్దగా ఉండదనీ, విడివిడి మేఘాల గుంపుగా ఉంటుందనీ ఇప్పటి అవగాహన.

గారె ఆకారపు ఈ వలయంలో ధూళి అంటే నేల మీద ఎగిరే దుమ్ము కాదు. సిలికేట్లూ, గ్రాఫైట్ రూపంలోని కార్బనూ కలిసిన అతి సూక్ష్మ రేణువులు ఇవి. వీటి పరిమాణం మిల్లీమీటరులో పదివేలో వంతు అటూ ఇటూగా ఉంటుంది. దృశ్యకాంతి, అతినీలలోహిత కాంతుల తరంగదైర్ఘ్యం కూడా సుమారుగా ఈ కొలతలోనే ఉండటం వల్ల ఆ కాంతిని ఈ రేణువులు బలంగా పీల్చుకుని, వేడెక్కి, ఆ శక్తిని పరారుణ కిరణాలుగా తిరిగి వెలువరిస్తాయి. అయితే వేడికి ఒక హద్దు ఉంది. సుమారు 1500 కెల్విన్ల ఉష్ణోగ్రత దాటితే రేణువులు ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరైపోతాయి. దీన్ని ఉత్పతనం అంటారు. గ్రాఫైట్ రేణువులు సిలికేట్ల కంటే కొంత ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కాబట్టి ప్రతి క్రియాశీల కేంద్రకం చుట్టూ ఒక సరిహద్దు ఏర్పడుతుంది: దానికి బయట ధూళి కలిసిన వాయువు, లోపల ధూళి బతకలేని ఉత్త వాయువు. కేంద్రకం ఎంత ప్రకాశవంతమైతే ఈ సరిహద్దు అంత దూరం జరుగుతుంది. ప్రకాశం నాలుగు రెట్లయితే దూరం రెట్టింపవుతుంది. చిలీలో ఐరోపా దక్షిణ వేధశాలకు చెందిన పెద్ద దూరదర్శినుల కాంతిని కలిపి చూసే పద్ధతిలో, 2020లో ప్రచురితమైన ఒక పరిశీలన ఎన్‌జీసీ 1068లో వేడి ధూళి వలయాన్ని చిత్రించింది. దాని వ్యాసార్ధం కాంతి సంవత్సరానికి లోపే తేలింది. 2022లో మరో పరికరంతో జరిగిన అధ్యయనం మాత్రం కృష్ణబిలం స్థానం ఇంకా దట్టమైన ధూళి వెనుక ఉందని చూపి, మొదటి వ్యాఖ్యానాన్ని సవరించింది.

ఇక ఎక్స్-కిరణాల సంగతి. కృష్ణబిలానికి అతి చేరువలో, వందకోట్ల డిగ్రీల స్థాయి వేడి గల ఎలక్ట్రాన్ల మేఘం ఒకటి ఉంటుందనీ, లోపలికి జారుతున్న వాయువు ఇచ్చే అతినీలలోహిత కాంతి ఆ ఎలక్ట్రాన్లతో ఢీకొని శక్తిని పుంజుకుని ఎక్స్-కిరణాలుగా మారుతుందనీ భావిస్తారు. ఈ మేఘాన్ని కరోనా అంటారు. బయలుదేరిన ఎక్స్-కిరణం దారిలో పరమాణువుకు తగిలితే, ఆ పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను పెకలించి తాను శోషణ చెందుతుంది. ఈ పని చేసేవి ముఖ్యంగా ఆక్సిజన్, సిలికాన్, ఇనుము వంటి బరువైన మూలకాలు. ఇందులో గమనించవలసినది ఒకటుంది: ఎలక్ట్రాన్ లోలోతు కక్ష్యలో ఉంటుంది కాబట్టి, ఆ పరమాణువు వాయువులో ఒంటరిగా తేలుతోందా, లేక ధూళి రేణువులో మరో కోటి పరమాణువులతో బంధమై ఉందా అన్నది ఎక్స్-కిరణానికి దాదాపుగా లెక్కలేని విషయం. దారిలో మొత్తం ఎన్ని పరమాణువులు ఉన్నాయన్నదే దానికి ముఖ్యం. దృశ్యకాంతి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాయువు ఎంత ఉన్నా ధూళి లేకపోతే అది చాలావరకు సాఫీగా దాటిపోతుంది.

శాస్త్రజ్ఞులు ఈ మరుగును కొలవడానికి, చూపు సాగే దారిలో ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత గల గొట్టాన్ని ఊహించుకుని, అందులో ఎన్ని హైడ్రోజన్ పరమాణువులు పడతాయో లెక్కిస్తారు. ఆ సంఖ్య 1 తర్వాత 22 సున్నాలు దాటితే కేంద్రకాన్ని మరుగుపడినదిగా పరిగణిస్తారు. ఆ మోతాదు వాయువు 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు శక్తిగల మెత్తని ఎక్స్-కిరణాలలో పదో వంతును మాత్రమే దాటనిస్తుంది, కానీ 5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలను దాదాపు పూర్తిగా వదిలేస్తుంది, ఎందుకంటే శక్తి పెరిగేకొద్దీ శోషణ చాలా వేగంగా పడిపోతుంది. మన పాలపుంతలో వాయువూ ధూళీ ఏ నిష్పత్తిలో ఉంటాయో అక్కడా అదే నిష్పత్తి ఉన్నదనుకుంటే, అదే వాయువుతో వచ్చిన ధూళి దృశ్యకాంతిని సుమారు వందో వంతుకు తగ్గిస్తుంది. ఎన్‌జీసీ 1068లో ఈ పరమాణువుల సంఖ్య 1 తర్వాత 25 సున్నాల స్థాయికి చేరుతుంది. అంత మందంలో కఠినమైన, అంటే ఎక్కువ శక్తిగల ఎక్స్-కిరణాలు సైతం ఎలక్ట్రాన్లకు పదేపదే తగిలి దారి తప్పి శక్తి కోల్పోతాయి. కనిపించేదంతా అటూ ఇటూ ప్రతిఫలించి వచ్చినదే.

పాలపుంత నిష్పత్తి అక్కడా వర్తిస్తుందన్న ఊహ దగ్గరే చిక్కు మొదలవుతుంది. 2001లో రొబెర్తో మయోలీనో బృందం అనేక క్రియాశీల కేంద్రకాలలో ఎక్స్-కిరణాలు చూపే వాయువు మోతాదునూ, దృశ్యకాంతి చూపే ధూళి మోతాదునూ పోల్చి చూసినప్పుడు, వాయువుతో పోలిస్తే ధూళి వల్ల జరగవలసిన మసక చాలా చోట్ల పాలపుంత లెక్క కంటే మూడు రెట్ల నుంచి వంద రెట్ల వరకు తక్కువగా తేలింది. దీనికి రెండు వివరణలు ఉన్నాయి. దట్టమైన వాయువులో చిన్న రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెద్దవైతే, మొత్తం ధూళి బరువు తగ్గకుండానే కాంతిని ఆపే ఉపరితలం తగ్గుతుందన్నది ఒకటి. ఎక్స్-కిరణాలను ఆపుతున్న వాయువులో కొంత భాగం ఉత్పతన సరిహద్దుకు లోపలే, అంటే ధూళి లేని చోటనే ఉందన్నది రెండోది. రెండో వివరణకు బలమైన సాక్ష్యం ఎన్‌జీసీ 1365 అనే గెలాక్సీలో దొరికింది. గైదో రిసాలీతీ బృందం 2006లో చంద్ర దూరదర్శినితో దాన్ని గమనించినప్పుడు, కేంద్రకం నుంచి నేరుగా వచ్చే ఎక్స్-కిరణాలు ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుపోయి, మళ్లీ కొద్ది రోజుల్లోనే తెరుచుకున్నాయి. అంత త్వరగా అడ్డువచ్చి తొలగిపోవాలంటే ఆ మేఘం కృష్ణబిలానికి చాలా దగ్గరగా, గొప్ప వేగంతో తిరుగుతూ ఉండాలి. అంత దగ్గర ధూళి నిలవదు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకుని 1999 జూలైలో కక్ష్యలోకి చేరిన ఆ దూరదర్శిని ఇలాంటి మార్పులను పట్టడంలోనే తన సత్తా చూపింది.

తెరలు విడిపోవడం ఎప్పుడూ ఒకే వైపు జరగదు. ఎమ్‌సీజీ-6-30-15 అనే గెలాక్సీ దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. దాని దృశ్యకాంతి ధూళి వల్ల ఎర్రబారి ఉన్నా, అంత ధూళితో పాటు ఉండవలసిన చల్లని వాయువు ఎక్స్-కిరణాలలో కనిపించదు. ధూళి ఉన్న వాయువు చల్లగా లేదనీ, కేంద్రకపు వికిరణానికి ఎలక్ట్రాన్లు చాలావరకు ఊడిపోయి అయానీకరణం చెందిన వెచ్చని వాయువులోనే ధూళి కలిసి ఉందనీ 1990వ దశకంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువు మెత్తని ఎక్స్-కిరణాలను అంతగా పీల్చలేదు కాబట్టి లెక్క సరిపోతుంది. 2001లో చంద్ర దూరదర్శిని తీసిన సూక్ష్మ వర్ణపటంలో, 0.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము వల్ల కలిగే శోషణను జూలియా లీ బృందం గుర్తించి, ఎలక్ట్రాన్లు ఊడని ఆ ఇనుము ధూళి రేణువుల్లో బంధమై ఉందని వాదించింది. రేణువు లోపల ఉన్న ఇనుము, చుట్టూ వాయువు ఎంత వేడిగా ఉన్నా తన ఎలక్ట్రాన్లను కాపాడుకుంటుంది. ధూళిని దాని మరుగు వల్ల కాక, ఎక్స్-కిరణాలలో అది వదిలిన నేరు ముద్ర వల్ల గుర్తించిన అరుదైన సందర్భం ఇది.

ధూళి ఎక్స్-కిరణాలను నేరుగా తాకే మరో మార్గం పరిక్షేపణం. 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు కిరణపు తరంగదైర్ఘ్యం ధూళి రేణువు కంటే సుమారు వంద రెట్లు చిన్నది. అలాంటి కిరణం రేణువు గుండా పోతూ ఏ కొంచెమో, డిగ్రీలో చిన్న భాగమంత మాత్రమే, పక్కకు వంగుతుంది. పాలపుంతలోని ఎక్స్-కిరణ నక్షత్రాల చుట్టూ ఈ వంపు వల్ల ఏర్పడే మసక వలయాన్ని 1965లోనే ఓవర్‌బెక్ ఊహించగా, 1983లో ఐన్‌స్టైన్ ఉపగ్రహపు పరిశీలనల్లో అది కనిపించింది. దూరపు గెలాక్సీలో కేంద్రకానికి ఆనుకుని ఉన్న ధూళి విషయంలో మాత్రం ఈ వలయం విడిగా కనిపించేంత పెద్దది కాదు, చెదిరిన కిరణాలూ నేరుగా వచ్చినవీ ఒకే చుక్కలో కలిసిపోతాయి. అందుచేత దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. అయితే కృష్ణబిలం చుట్టూ ఉన్న ధూళి వలయపు అంచును ఒరుసుకుంటూ చూపు సాగేటప్పుడు, అడ్డు తక్కువగా ఉన్న పక్క దారి నుంచి స్వల్పంగా వంగిన మెత్తని కిరణాలు అదనంగా చేరతాయి. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మరుగు నిజానికి ఉన్నదానికంటే తక్కువగా తోచవచ్చు. ధూళి శోషణనూ పరిక్షేపణాన్నీ కలిపి, ఒక్కొక్క కిరణాన్నీ వెంబడించే కంప్యూటర్ అనుకరణలు గత కొన్నేళ్లలోనే అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు వాడిన నమూనాలు దాదాపుగా వాయువు ఒక్కదానినే లెక్కలోకి తీసుకునేవి. వలయం పేరు ధూళి వలయం, లెక్క మాత్రం వాయువుది!

ఇంతకంటే విస్తృతమైన ప్రభావం కాంతి ఒత్తిడి ద్వారా కలుగుతుంది. కాంతి తనకు అడ్డొచ్చిన పదార్థాన్ని కొద్దిగా బయటికి తోస్తుంది. ధూళి లేని అయానీకృత వాయువులో ఈ తోపుడు ఎలక్ట్రాన్ల మీద మాత్రమే పడుతుంది, అది చాలా బలహీనం; గురుత్వాకర్షణ, కాంతి ఒత్తిడి సమానమయ్యే ప్రకాశాన్ని ఎడింగ్టన్ హద్దు అంటారు. కానీ వాయువులో ధూళి కలిసి ఉంటే, అతినీలలోహిత కాంతిని రేణువులు వందల రెట్లు బలంగా అందుకుని, తమతో పాటు వాయువును కూడా ఈడ్చుకుపోతాయి. అందువల్ల ఎడింగ్టన్ హద్దులో కొద్ది శాతం ప్రకాశానికే ధూళి గల వాయువు నిలవలేక చెదిరిపోవాలని ఆండ్రూ ఫేబియన్ తదితరులు వాదించారు. స్విఫ్ట్ ఉపగ్రహం 14 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన కఠిన కిరణాలతో ఆకాశమంతా గాలించి సేకరించిన కేంద్రకాలను పరిశీలించి, క్లాడియో రిచ్చీ బృందం 2017లో నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితం సరిగ్గా ఈ అంచనాకు తగ్గట్టే ఉంది: ఎడింగ్టన్ హద్దులో కొద్ది శాతం దాటిన కేంద్రకాలలో మరుగుపడినవాటి వంతు ఒక్కసారిగా తగ్గిపోతుంది. కేంద్రకం తన కాంతితో తన తెరను తానే తొలగించుకుంటోందన్నమాట. అత్యంత మందమైన మేఘాలు మాత్రం బరువు వల్ల ఈ తోపుడుకు లొంగవు. వాటి వంతు ప్రకాశంతో పెద్దగా మారదు. ఎక్స్-కిరణాలను ఆపేది వాయువే అయినా, ఆ వాయువు అక్కడ ఉండాలా పోవాలా అన్నది ధూళి నిర్ణయిస్తోంది. ఇంతవరకు చెప్పిన ప్రభావాలన్నిటిలో ముఖ్యమైనది ఇదేనని అనిపిస్తుంది.

ఈ పరిశోధన ఒకటి రెండు గెలాక్సీల కుతూహలంతో ఆగేది కాదు. 1962లో రికార్డో జకోనీ బృందం రాకెట్ ద్వారా జరిపిన పరిశీలనలో ఆకాశమంతటి నుంచీ వస్తున్న ఎక్స్-కిరణ నేపథ్యం బయటపడింది. ఆ నేపథ్యం తీవ్రత 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. మరుగుపడని కేంద్రకాలను ఎన్ని కూడినా అలాంటి ఆకృతి రాదు. మెత్తని కిరణాలు వాయువు తెరలో ఆగిపోయి, కఠిన కిరణాలు మాత్రమే బయటపడుతున్న మరుగు కేంద్రకాలే ఎక్కువగా ఉండాలని 1989లో సెట్టి, వోల్ట్‌యర్ సూచించగా, తరువాతి సర్వేలు దాన్ని సమర్థించాయి. మరీ మందమైన తెర వెనుక ఉన్నవాటిని వెతికేటప్పుడు ధూళి అడ్డంకి కాకుండా సాక్షి అవుతుంది: అది పీల్చుకున్న శక్తిని పరారుణంలో తిరిగి ఇస్తుంది కాబట్టి, పరారుణంలో ప్రకాశిస్తూ ఎక్స్-కిరణాలలో అనుకున్నదానికంటే చాలా మసకగా ఉన్న కేంద్రకం దట్టమైన వాయువు చాటున ఉన్నట్టు అనుమానించవచ్చు.

పరికరాలు మెరుగయ్యేకొద్దీ తెర కూడా కదులుతున్నదేనని తెలుస్తోంది. 2012లో కక్ష్యలో చేరిన నూస్టార్ దూరదర్శిని, 2014 ఆగస్టులో ఎన్‌జీసీ 1068ని చూసినప్పుడు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైన దాని వెలుగు మామూలు కంటే దాదాపు మూడో వంతు హెచ్చింది. మందమైన మేఘాల మధ్య క్షణికంగా ఏర్పడిన పలుచని సందులోంచి లోపలి కిరణాలు బయటపడ్డాయని దాన్ని అర్థం చేసుకున్నారు. 2021లో ప్రయోగించిన ఐక్స్‌పీ ఉపగ్రహం, మరుగుపడిన సర్సినస్ గెలాక్సీ ఎక్స్-కిరణాలలో సుమారు 28 శాతం ధ్రువణాన్ని కనుగొంది. ఆ ధ్రువణపు దిశ, కేంద్రకం నుంచి చిమ్ముతున్న రేడియో ధారకు దాదాపు లంబంగా ఉండటం వలయం మీద ప్రతిఫలనానికి తగినట్టే ఉంది. అదే గెలాక్సీ పరారుణ ధూళిలో ఎక్కువ భాగం మాత్రం వలయంలో కాక ధ్రువాల వైపు, పైకి ఎగసిన గాలిలా పరచుకుని ఉండటం గమనార్హం. కాంతి తోసేసిన ధూళి అదే కావచ్చు. భారతదేశం కూడా ఈ దారిలో ఉంది. 2015 సెప్టెంబరు 28న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్, అతినీలలోహిత కాంతినీ ఎక్స్-కిరణాలనూ ఒకే వేదిక మీద నుంచి ఒకేసారి చూడగలిగే ఉపగ్రహం. ధూళికి లొంగే కాంతినీ వాయువుకు లొంగే కిరణాలనూ ఏకకాలంలో కొలవడం ఈ రంగానికి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ధూళి సరిహద్దును ఎక్స్-కిరణాలలోనే వెతకడం కూడా ఇప్పుడు సాధ్యమవుతోంది. చల్లని ఇనుము ఎక్స్-కిరణాన్ని పీల్చుకున్నప్పుడు 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఒక రేఖను వెలువరిస్తుంది. ఆ రేఖ వెడల్పును బట్టి ఇనుము ఎంత వేగంగా, అంటే కృష్ణబిలానికి ఎంత దూరంలో తిరుగుతోందో తెలుస్తుంది. మరుగులేని కేంద్రకాలలో ఈ సన్నని రేఖలో ఎక్కువ భాగం ఉత్పతన సరిహద్దుకు లోపలి వాయువు నుంచే వస్తోందని 2015లో పోషక్ గాంధీ తదితరులు వాదించారు. జపాన్ నాయకత్వంలో 2023 సెప్టెంబరులో ప్రయోగించిన ఎక్స్‌రిజమ్, ఎన్‌జీసీ 4151 గెలాక్సీలో అదే రేఖను మూడు పొరలుగా విడదీసి చూపింది: కృష్ణబిలంలోకి జారుతూ తిరిగే వాయు చక్రం నుంచి వచ్చే వెడల్పాటి భాగం, వేగంగా తిరిగే వాయు మేఘాల నుంచి వచ్చే మధ్య భాగం, ధూళి వలయం మొదలయ్యే దూరంలో నుంచి వచ్చే సన్నని భాగం. ఆ మూడో భాగంలో వాయువులోని ఇనుము ఎంత, రేణువుల్లో బంధమైన ఇనుము ఎంత అన్న లెక్క ఇంకా తేలవలసి ఉంది.